బంట్రోతు ఎవరి బంటు?

నా పేరు బీచుపల్లి. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరి పేరు మనిషికి పెట్టారేమిటని బదిలీ మీద వచ్చిన ప్రతి కొత్త సారూ అడిగేవాడు. గద్వాల బజారులో నిలబడి "బీచుపల్లీ" అని ఒక్క కేక వేయండి, తక్కువలో తక్కువ నలుగురు వెనక్కి తిరుగుతారు. ఆ కృష్ణ ఒడ్డు ఆంజనేయుడికి మొక్కుకుంటే పుట్టినవాళ్లం అందరం ఆ పేరే మోస్తున్నాం. నేను గద్వాలలో కొలువుకెక్కి, వనపర్తిలో నలిగి, అమ్రాబాద్‌లో చల్లబడి, నాగర్‌కర్నూల్‌లో రిటైరయ్యాను. చేసింది ముప్పై మూడేళ్ల బంట్రోతు ఉద్యోగం.

ఈ మధ్య మా చెల్లెలి కూతురు శైలజకు ఇదే ఉద్యోగం వచ్చింది. డిగ్రీ చదివిన పిల్ల. ఆర్డరు కాగితం పట్టుకుని వచ్చి, "మామా, ఆఫీస్ సబార్డినేట్ అంటే అసలు ఏం పనుంటది?" అని అడిగింది. టీ తేవడం, ఫైళ్లు మోయడం, గంట కొడితే లేవడం రెండు రోజుల్లో వస్తాయని చెప్పాను. ఎన్నేళ్లు చేసినా సరిగ్గా రానిది ఒక్కటే, తలుపు దగ్గర కూర్చోవడం. లోపలివాడికీ బయటివాడికీ మధ్య కూర్చునేవాడు ఎవరి మనిషి? ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

తలుపు దగ్గర కూర్చునే నేను ఒక ఆడపిల్ల చదువును దాదాపు ముంచేశాను. పైకానికి ఆశపడి కాదు, పగబట్టీ కాదు. స్వామిభక్తితో ముంచబోయాను. శైలజకు నోటితో చెబితే సగం ఫోను చూస్తూ వింటుందని ఇలా రాసి ఇస్తున్నాను. ఏ ఆఫీసో, ఏ సంవత్సరమో మాత్రం రాయను. ఆ ఆఫీసు లోపలి కుర్చీలో కూర్చున్నవాళ్ల పిల్లలు ఇప్పటికీ ఎదురుపడితే నన్ను పలకరిస్తారు.

రాతి మీద మనిషి

మా నాయన కాలంలో ఈ ఉద్యోగాన్ని చప్రాసీ అనేవారు. తర్వాత కోస్తా నుంచి వచ్చిన సార్లు బంట్రోతు అన్నారు. ఆ తర్వాత అటెండరు. ఇప్పుడేమో ఆఫీస్ సబార్డినేట్. పేరు మూడుసార్లు మారింది గానీ కూర్చునే స్టూలుకు ఒక్కసారైనా వీపు ఆనించుకునే చెక్క రాలేదు.

బంట్రోతు అనే మాట నేను మొదట విన్నది వనపర్తిలో, మా సారు నోట. ఆయన్ని ఇక్కడ మా సారు అనే రాస్తాను. కోస్తా మనిషి, చరిత్రలో ఎమ్మే చేశాడు. మంచివాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చదరంగం ఆడేవాడు. బంట్రోతును ఎదురుగా కూర్చోబెట్టుకున్న సారును నేను అంతకు ముందు చూడలేదు. అందుకే ఆయన అంటే ప్రాణం పెట్టేవాణ్ని.

ఒకసారి అమరచింత వైపు పంటల తనిఖీకి జీపులో పోయాం. చేను గట్టు మీద నిలువెత్తు రాయి ఒకటి ఉంది. నూనె పోసి పోసి నల్లబడింది, మీద కుంకుమ బొట్లు. విత్తనం వేసే ముందు అక్కడివాళ్లు దానికి కొబ్బరికాయ కొడతారు. సారు తన నీళ్ల సీసా మొత్తం దాని మీద కుమ్మరించి రుమాలుతో తుడిచాడు. కత్తీ డాలూ పట్టుకున్న మనిషి బయటపడ్డాడు. ఆయన తల పైన దేవకన్యల్లాంటి ఇద్దరు ఆడవాళ్లు ఆయన్నే రెక్కలు పట్టుకుని పైకి తీసుకుపోతున్నారు. కింద అరిగిపోయిన అక్షరాలు రెండు వరుసలు.

"బీచుపల్లీ, ఇది నువ్వే," అన్నాడు సారు.

"నేనేంది సార్? గాయన చేతిల కత్తి ఉన్నది. నా చేతిల మీ టిఫిను డబ్బ ఉన్నది."

సారు పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత గట్టు మీద కూర్చుని చెప్పాడు. వెనకటి కాలంలో బంటు అంటే వీరుడట. బంటుతనం అంటే పరాక్రమమట. తన దొర ఉప్పు తిన్నందుకు దొర ముందు నిలబడి చచ్చేవాడు బంటు. దొర పోతే తానూ పోతానని ఒట్టు పెట్టుకున్నవాళ్లు కూడా ఉండేవారట. రౌతు అంటే గుర్రం మీద యుద్ధం చేసేవాడు. ఆ బంటూ ఈ రౌతూ కలిసి బంట్రోతు అయ్యాడు. రాజులు పోయారు, యుద్ధాలు పోయాయి, కత్తి పోయింది, గుర్రం పోయింది. తలుపు దగ్గర నిలబడే పని మాత్రం మిగిలింది.

"ఆంజనేయుణ్ని రామబంటు అని దండం పెడతారు. అదే మాటకు ఇంకో మాట తగిలించి ఆఫీసులో టీ తెమ్మంటారు. చదరంగంలో కూడా అందరికంటే ముందు చచ్చేది బంటే. నువ్వు మాత్రం పాతకాలపు బంటువే బీచుపల్లీ," అన్నాడు.

ఆ మాటతో నా ఛాతీ జానెడు పెరిగింది. వారం రోజులు నేల మీద నడవలేదు. ఇంట్లో మా ఆవిడ నర్సమ్మకు చెబితే, "మంచిగనే ఉన్నది. యుద్ధానికి పోయేటప్పుడు గట్లనే కూరగాయలు గూడ పట్టుకరా," అన్నది. ఆమె ఎంత తీసిపారేసినా ఆ మాట నా నెత్తిన కిరీటంలా కూర్చుంది. చెడిందంతా అక్కడే.

ఫ్యాను విద్య

సారు భార్యాపిల్లలు వాళ్ల ఊళ్లోనే ఉండేవారు. ఆయన శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కితే సోమవారం పదకొండుకు దిగేవాడు. ఒక్కోసారి ఇంకా ఆలస్యమయ్యేది. సెలవు పెట్టేవాడు కాదు. ఆ మధ్యలో ఎవరొచ్చినా సారు ఊళ్లోనే ఉన్నట్టు చూపించడం నా బాధ్యత. నాకెవరూ అప్పజెప్పలేదు, నేనే నెత్తికెత్తుకున్నాను.

దానికొక పద్ధతి ఉంది. ఉదయం గది తెరవగానే ఫ్యాను వేయాలి. ఒక ఫైలు విప్పి బల్ల మీద పెట్టి దాని మీద సారు పాత కళ్లద్దాలు పెట్టాలి. పెన్ను మూత తీసి పక్కన ఉంచాలి. సగం తాగినట్టు ఒక టీ గ్లాసు. తలుపు జానెడు తెరిచి ఉంచాలి, పూర్తిగా తెరవకూడదు. ఇక ఎవరైనా అడిగితే చెప్పాల్సింది ఒకటే మాట, "సారు ఇప్పుడే వస్తడు." ఫ్యాను తిరుగుతుంటే ఎవరైనా నమ్ముతారు. లేని మనిషికి ప్రభుత్వం కరెంటు ఖర్చు పెడుతుందని ఎవరనుకుంటారు?

ఈ విద్యలో నాకు శిష్యులు కూడా తయారయ్యారు. పక్క ఆఫీసుల అటెండర్లు వచ్చి, కళ్లద్దాలు ఏ మూలకు పెట్టాలో చూసి పోయేవారు. నేను గర్వంగా నేర్పేవాణ్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అబద్ధమెందుకు, నవ్వు కూడా వస్తుంది.

దేవమ్మ వచ్చిన సోమవారం

ఒక సోమవారం పొద్దున్నే సారు ఫోను చేశాడు. "బీచుపల్లీ, చిన్నదానికి జ్వరం. రేపు మధ్యాహ్నం వస్తాను. చూసుకో." చూసుకుంటానన్నాను. ఫ్యాను వేశాను, కళ్లద్దాలు పెట్టాను, టీ గ్లాసు పెట్టాను.

పదింటికి ఒకామె, ఒక పిల్ల వచ్చారు. ఆమె పేరు దేవమ్మ, అమరచింత దగ్గర పల్లె. మొగుడు పుణె వైపు మట్టి పనికి వలస పోయాడు. ఏటా ఇద్దరూ పోయేవారట, పిల్ల పదో తరగతి అయ్యేదాకా అని ఈమె ఆ ఏడు ఆగిపోయింది. పిల్ల పేరు కరుణ. ఇంట్లో ఉన్నవాటిలో మంచి లంగా ఓణీ ఏరి వేసినట్టున్నారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. మహబూబ్‌నగర్‌లో నర్సు ట్రైనింగుకు సీటు వచ్చింది. మర్నాడు ఉదయం పదింటికల్లా ఆదాయం సర్టిఫికెట్ చూపించాలి. చూపించకపోతే లిస్టులో తర్వాతి పేరుకు సీటు పోతుంది. అప్పట్లో కంప్యూటరు సర్టిఫికెట్లు లేవు, చేత్తో సంతకం, మీద రబ్బరు స్టాంపు. గుమస్తా అంతా రాసి సిద్ధం చేశాడు. కావాల్సింది సారు సంతకం ఒక్కటే.

"సారున్నడా అన్నా?" అని అడిగింది దేవమ్మ.

"ఇప్పుడే వస్తడు. కూసో."

"జర తొందరగ అయితె మంచిగుంటది. ఈ సీటు పోతె పిల్లను గూడ నాతోని మట్టి పనికి తోల్కపోవుడే. ఇంక వేరే తొవ్వ లేదు."

"అయితది తియ్యి, పరేషాన్ గాకు," అన్నాను. నోరు ఎంత తేలిగ్గా తిరిగిందో.

ఇక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. సారు సెలవు పెట్టి ఉంటే ఇంకొకరు ఇన్‌చార్జిగా సంతకం పెట్టేవారు. ఆయన సెలవు పెట్టలేదు కాబట్టి కాగితాల ప్రకారం ఆయన ఆఫీసులోనే ఉన్నాడు. ఉన్న మనిషి బదులు ఇంకొకరెలా సంతకం పెడతారు? డిప్యూటీని కదిలిస్తే, "నాకు రాతపూర్వకంగా ఆర్డరు ఉంటే పెడతా," అంటాడు. ఆ ఆర్డరు ఇవ్వాల్సింది పై ఆఫీసు మేడం. మేడం ఇవ్వాలంటే సారు లేడని ఎవరో పోయి ఆమెకు చెప్పాలి. చెప్పిన మరుక్షణం సారు మెడకు చుట్టుకుంటుంది. అందుకే నేను నోరు మూసుకుని కూర్చున్నాను. దొర పరువు కాపాడుతున్నానని లోలోపల మురిసిపోయాను కూడా.

పన్నెండు దాటింది. మిగతావాళ్లు ఒకరిద్దరు నన్ను తిట్టి పోయారు. తిట్టేవాళ్లతో బాధ లేదు, పోతారు. దేవమ్మ తిట్టలేదు. తలుపుకు ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుని నన్నే చూస్తూ ఉంది. మధ్యమధ్యలో, "ఇంక రాలేదా అన్నా?" అంటుంది, నేను "ఇప్పుడే" అంటాను. రెండింటికి పిల్ల కూర్చున్నచోటే కునికింది. నిద్రలో కూడా ఆ కవరును రెండు చేతులతో పట్టుకునే ఉంది. నేను ముఖం తిప్పుకుని వరండాలో గోడ గడియారం చూశాను. అది చూసి లాభమేముంది, ఆఫీసు మూసే వేళ ఇంకా దగ్గరపడింది.

మూడింటికి పిల్ల లేచి నా దగ్గరికి వచ్చింది. "మామా, రేపు సర్టిఫికెట్ లేకపోతె నా పేరు కొట్టేస్తరంట. సారొస్తడు గద?"

ఇప్పుడే అనబోయాను. నోట్లోంచి రాలేదు. సంవత్సరాల తరబడి అలవాటైన మాటే.

"రాడు బిడ్డా. ఇయ్యాల రాడు," అన్నాను.

ఆ ఒక్క మాట అనడానికి నాకు ఐదు గంటలు పట్టింది. పిల్ల ముఖం పాలిపోయింది. దేవమ్మ మాత్రం ఏడవలేదు, అరవలేదు. లేచి చీర దులుపుకుని, "మరి ఇంకెవరున్నరన్నా?" అని అడిగింది.

"పదండి," అని చెప్పులేసుకున్నాను.

పై ఆఫీసు తలుపు

పై ఆఫీసు నడిచిపోయేంత దూరమే. నాకు మాత్రం ఆ రోజు అది తెగలేదు. కన్నతండ్రి మీద పోలీసులకు చెప్పబోతున్నట్టు అనిపించింది. మధ్యలో రెండుసార్లు వెనక్కి పోదామనుకున్నాను. వెనక ఇద్దరు నడుస్తున్నారు కాబట్టి పోలేకపోయాను.

అక్కడ తలుపు దగ్గర ఖాజా కూర్చుని ఉన్నాడు. నా శిష్యుల్లో అతి తెలివైనవాడు. "మేడం మీటింగ్ల ఉన్నది భాయ్. ఇప్పుడే వస్తది," అన్నాడు. జానెడు తెరిచిన తలుపులోంచి ఫ్యాను తిరుగుతూ కనిపించింది.

నాకు ఒళ్లు మండింది. "ఖాజా, గా ఫ్యాను నాకే చూపిస్తున్నవా? నీకు నేర్పిందెవరు?"

ఖాజా నాలుక కరుచుకున్నాడు. "అల్లా కసమ్ భాయ్, ఇయ్యాల నిజంగనే ఉన్నది. అన్నం తింటున్నది. నేనేదో అలవాటుల అనేసిన." నిజం చెప్పినా నమ్మించలేని స్థితికి మా జాతిని తెచ్చింది నేనే కదా అనిపించింది.

మేడం పిలిచింది. లోపలికి పోయి నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మేడం, మా సారు లేడు."

"ఫీల్డుకు వెళ్లారా?"

"ఊరికి పోయిండు. శుక్రవారం నుంచి లేడు."

"సెలవు పెట్టారా?"

"లేదు మేడం."

ఆమె కళ్లద్దాలు తీసి నన్ను చూసింది. "ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా? నువ్వు ఆయన అటెండరువి."

"తెలుస్తుంది మేడం. రేపు పొద్దుగాలకు కాగితం లేకపోతె ఈ పిల్ల సీటు పోతది. పొద్దుగాల పదింటి సంది వీళ్లను నేనే కూసోబెట్టిన. సారు వస్తడని అబద్దం చెప్పిన. తప్పు నాది గూడ ఉన్నది."

మేడం పిల్లను పిలిచి మార్కులడిగింది. కాగితాలు తిరగేసింది. ఇంకేమీ అనకుండా డిప్యూటీకి నాలుగు వరుసల ఆర్డరు రాసిచ్చింది. ఆ కాగితం పట్టుకుని ముగ్గురం పరుగు. డిప్యూటీ గొణుక్కుంటూ చదివి, మళ్లీ చదివి, ఐదుకు పది నిమిషాలుండగా సంతకం పెట్టాడు. స్టాంపు నేనే గుద్దాను. నా ఉద్యోగంలో నేను గుద్దిన అన్ని స్టాంపుల్లోకి అదే నిటారుగా పడింది. తల్లీకూతుళ్లు అదే సాయంత్రం మహబూబ్‌నగర్ బస్సెక్కారు. సీటు దక్కింది.

సారు, రాయి, నేను

మర్నాడు మధ్యాహ్నం సారు వచ్చేసరికి బల్ల మీద మెమో ఉంది. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చదరంగం పెట్టెను సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"నిన్ను బంటువనుకున్నాను," అన్నాడు.

అంతే. తిట్టి ఉంటే ఇంటికెళ్లి అన్నం తినేవాణ్ని. ఆ రోజు తినబుద్ధి కాలేదు. నెల తిరగకుండా నన్ను పులులుండే అడవిలోని అమ్రాబాద్‌కు వేశారు. నర్సమ్మ సామాన్లు మూట కడుతూ, "పోదాం పా. ఇంక ఆడికి పోయి పులులకు చెప్పు, సారు ఇప్పుడే వస్తడని," అన్నది. కష్టంలో కూడా నవ్వించే ఆడది ఇంట్లో ఉంటే బదిలీ ఒక లెక్క కాదు. అడవి గాలికి నాకు ఆకలి పెరిగింది, భయం తగ్గింది.

సారు మీద నాకు కోపం లేదు. జ్వరంతో ఉన్న బిడ్డను వదిలి రాలేని తండ్రిని ఎవరంటారు? ఒక్క సెలవు చీటీ రాసి ఉంటే సరిపోయేది. ఆ మాట ఆయనతో మొదట్లోనే అనాల్సినవాణ్ని నేను. "సార్, సెలవు పెట్టండి" అనడానికి కత్తీ డాలూ అక్కర్లేదు. ఎదురుగా కూర్చుని చదరంగం ఆడినవాణ్ని, అంతమాత్రం అనలేకపోయాను. ఆయన మంచితనానికి నేను చేసిన అపకారం అది.

నాగర్‌కర్నూల్‌లో ఉండగా పాత శాసనాలు చదివే ఒక పెద్దమనిషి వచ్చాడు. రాళ్లు కడిగి, తడి కాగితం అద్ది అక్షరాల అచ్చు తీస్తాడు; ఆ నీళ్ల బకెట్టు మోసేందుకు నన్ను వెంట పంపారు. అమరచింత దారిలోని ఆ రాయి సంగతి చెబితే, తన దగ్గర దాని అచ్చు ఉందని తీసి చూపించాడు. అందులో దొర పేరు ఎక్కడా లేదట. దొంగలు ఊరి పశువుల మందను తోలుకుపోతుంటే అడ్డంపడి, మందను మళ్లించి, దెబ్బలకు చచ్చిన బంటు ఆయన.

"మా సారు దొర కోసం చచ్చిండని చెప్పిండు సార్," అన్నాను.

"అలాంటి రాళ్లూ ఉన్నాయి. చాలా ఉన్నాయి. ఇది మాత్రం అది కాదు," అన్నాడాయన.

ఇందులో నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను, నచ్చకపోతే నవ్వుకోండి. దొర పోయాడని తానూ గొంతు కోసుకున్నవాణ్ని నేను మెచ్చుకోలేను. ఆయన పెళ్లాం పిల్లలు ఏమయ్యారో ఏ రాయీ చెప్పదు. ఊరి పశువుల కోసం అడ్డం నిలబడ్డవాణ్ని మాత్రం చేతులెత్తి మొక్కుతాను. రెండు రకాలవాళ్లనూ ఒకే మాటతో పిలిచారు. ఆ మాట మెల్లమెల్లగా దిగజారి టీ గ్లాసు దాకా వచ్చిందని సారు బాధపడేవాడు. నాకు బాధ లేదు. శైలజా, నీ సారుకు టీ ఇవ్వు, ఫైలు మోయి, గౌరవంగా నిలబడు. లేని మనిషిని ఉన్నాడని మాత్రం చెప్పకు.

మిఠాయి డబ్బా

ఇక్కడితో ముగించి ఉంటే నాకు బాగుండేది, వీరుణ్ని నేనే అయ్యేవాణ్ని. కానీ నా ఆఖరి సంవత్సరంలో దేవమ్మ నన్ను వెతుక్కుంటూ నాగర్‌కర్నూల్ వచ్చింది. చేతిలో మిఠాయి డబ్బా. తల నెరిసింది గానీ నడకలో అదే తీరు. కరుణకు సర్కారు దవాఖానలో నర్సు ఉద్యోగం వచ్చిందట.

నా సంతోషం పట్టలేక ఆఫీసులో ఉన్న కుర్రకారు అటెండర్లందరినీ పిలిచాను. దేవమ్మను కుర్చీలో కూర్చోబెట్టి ఆ సోమవారం కథ మొదలుపెట్టాను. ఉప్పూకారం బాగానే దట్టించాను. నేను లేచి నిలబడ్డ ఘట్టానికి వచ్చేసరికి నా గొంతు నాకే గంభీరంగా వినిపించింది. దేవమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఉంది.

"ఏందక్కా నవ్వుతున్నవ్?" అన్నాను.

"మంచిగనే చెప్పినవన్నా. ఒక్కటి తప్పు చెప్పినవ్. సారు రాడని నువ్వు మూడు గంటలకు చెప్పినవ్. నాకు పదకొండుకే తెల్సు."

"ఎట్ల తెల్సు?"

"కిటికిలకెంచి ఒక పిట్ట వచ్చి సారు కుర్చీ మీద కూసున్నది. అటు ఇటు చూసి బల్ల మీదికి దుంకింది. నేను జొన్నచేన్ల కావలి కాసినదాన్ని. ఇప్పుడే మనిషి లేచిపోయిన చోట పిట్ట గట్ల బెదరకుంట దిగుతదా?"

కుర్రాళ్లు ఘొల్లుమన్నారు. నేను నవ్వలేదు. "తెల్సి గూడ గంతసేపు ఎందుకు కూసున్నవ్? సీటు పోతుండె గద! నువ్వే పై ఆఫీసుకు పోతె అయిపోతుండె."

"నేను పోయి సారు లేడంటె ఎవరు నమ్ముతరన్నా? ఫ్యాను తిరుగుతున్నది, అద్దాలున్నయ్, చాయ్ ఉన్నది. కూలి చేసుకునేదాని మాట ఎవరింటరు? ఆఫీసోడు చెప్తెనే ఇంటరు. నేను సారు కోసం కూసోలేదు. నువ్వు లేస్తవని కూసున్న."



"లేవకపోతుంటినేమో," అన్నాను. "నేను లేస్తనని నీకెట్ల తెల్సు?"

"తెల్వకపోతె నా బిడ్డ బతుకు నీ మీద పెట్టి కూసుంటనా? సారు ఇప్పుడే వస్తడని చెప్పినప్పుడల్లా నువ్వు లోపలికి పోయి గిలాసల నీళ్లు ముంచి తెచ్చి పిల్లకిచ్చినవ్. నాలుగుసార్లు ఇచ్చినవ్. దానికి దూపే కాలేదు. నువ్వు ఇస్తున్నవని తాగింది."

ఆ నీళ్ల సంగతి నాకు ఇప్పటికీ గుర్తు రాదు.